అడవివాళ్ళా, లారీవాళ్ళా? మలయా ఎమర్జెన్సీలో మాయమైన ఒక తోట కూలీ కేసు

విదేశాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి పాత రికార్డులు వెతికిపెట్టడం నా వృత్తి. బర్మా, మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా ఇలా చాలా చోట్ల నుంచి కేసులు వస్తుంటాయి. మలయా (ఇప్పటి మలేషియాలో భాగం) కేసుల్లో మాత్రం వేరే చిక్కు ఉంటుంది. 1948 జూన్‌లో కమ్యూనిస్టుల అలజడిని అణచడానికి అక్కడి బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టింది. దాన్ని 1960 జూలై 31 దాకా ఎత్తెయ్యలేదు. ఆ పన్నెండేళ్ళలో రబ్బరు తోటలో పనిచేసే మనిషి కనబడకుండా పోయాడంటే ఎన్నో కారణాలు ఉండొచ్చు. గెరిల్లాలు చంపారా, సైన్యం కాల్చిందా, విచారణ లేకుండా లోపల వేశారా, ఓడ ఎక్కించి పంపేశారా, తనే అడవిలోకి పోయాడా? ఇంట్లోవాళ్ళు చెప్పే కథ వీటిలో ఒకటై ఉంటుంది. అసలు జరిగింది మరొకటి కావచ్చు.

పన్నెండేళ్ళ ఎమర్జెన్సీని ఒకే ముద్దగా చూస్తే ఎవరి జాడా దొరకదు. ఏ నెలలో ఏ రూలు నడిచిందో పట్టుకుంటే, కుటుంబం భయంతో చెప్పిన అబద్ధం కూడా సాక్ష్యంగా పనికొస్తుంది. ఈ కేసులో అది స్పష్టంగా కనిపించింది కాబట్టే రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఇచ్చింది. తోట పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను.

నా దగ్గరికి వచ్చిన ప్రశ్న

అడిగింది మలేషియాలోని పేరాక్ రాష్ట్రంలో ఉండే ఒక రిటైర్డ్ టీచరు. ఆవిడ తాతగారు, అంటే తల్లి తండ్రి, శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కుర్రతనంలోనే పేరాక్ వెళ్ళాడు. 1938లో భారత ప్రభుత్వం తోటలకి కూలీలని పంపడం ఆపేసింది. ఆయన అంతకుముందే వెళ్ళినవాడు. రబ్బరు పాలు తీసే పని. తెలుగు చదవడం రాయడం వచ్చు కాబట్టి కూలీలు ఉండే లైను ఇళ్ళలో అందరి ఉత్తరాలూ ఆయనే రాసేవాడట. పెళ్ళి అక్కడే, తోటలోనే పుట్టిన అమ్మాయితో జరిగింది. తర్వాత ఒకరోజు ఆయన లేడు.

అమ్మమ్మ పోయేదాకా ఒకటే మాట చెప్పింది: "మీ తాతని అడివోళ్ళు పట్టుకుపోయారు." అడివోళ్ళంటే కమ్యూనిస్టు గెరిల్లాలు. పెద్దకూతురు, అంటే టీచరుగారి పెద్దమ్మ, ఈ మాటే నమ్మింది. ఆఖరి కొడుకు, తండ్రి ముఖం చూడనివాడు, నమ్మలేదు. ఇండియా వెళ్ళిపోయి ఇంకో పెళ్ళి చేసుకున్నాడనీ, అమ్మ పరువు కోసం అబద్ధం చెప్పిందనీ ఆయన అనుమానం. దీని మీద అక్కాతమ్ముళ్ళకి మాటల్లేని రోజులు కూడా ఉన్నాయి. పోయిన తిథి తెలీదు కాబట్టి పెద్దమ్మ ఇంట్లో మహాలయ అమావాస్యకి పెడతారు. మావయ్య ఇంట్లో అసలు పెట్టరు. టీచరుగారు నన్ను అడిగింది సూటి ప్రశ్న: ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పుడు, ఆ తర్వాత ఏమయ్యాడు?

అప్పటి మలయా

ఇది తెలియకుండా కేసు అర్థం కాదు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

1945లో జపాన్ లొంగిపోయాక మలయా తోటల్లో కూలీ సంఘాలు ఒక్కసారిగా లేచాయి. కారణాలు కళ్ళ ముందే ఉన్నాయి. బియ్యం దొరకదు, ధరలు మండిపోతున్నాయి, జీతాలు చాలవు. సయాం-బర్మా రైలు మార్గం పనికి జపానువాళ్ళు తోలుకెళ్ళిన తోట కూలీల్లో చాలామంది తిరిగి రాలేదు. యుద్ధంలో జపాన్ మీద పోరాడింది కమ్యూనిస్టు పార్టీ కాబట్టి దానికి పలుకుబడి ఉంది, అప్పటికి నిషేధమూ లేదు. సంఘాలన్నిటినీ కలిపి అఖిల మలయా కార్మిక సంఘాల సమాఖ్య నడిచేది. దాని అధ్యక్షుడు ఎస్.ఎ. గణపతి అంతకుముందు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో పనిచేసినవాడు. నెలనెలా సంఘానికి చందా ఇవ్వడం, సమ్మెకి నిలబడడం 1948 మే వరకూ మామూలు విషయాలే.

జూన్‌లో అంతా తలకిందులైంది. ముందు సంఘాల చట్టాన్ని సవరించి సమాఖ్యని చట్టవిరుద్ధం చేశారు. జూన్ 16న పేరాక్‌లోని సుంగై సిపుట్ దగ్గర తోటల్లో ముగ్గురు తెల్ల దొరలని కాల్చి చంపారు. ఆ రోజే పేరాక్, జోహోర్‌లలో కొన్ని చోట్ల ఎమర్జెన్సీ పెట్టి, రెండు రోజుల్లో మలయా ఫెడరేషన్ మొత్తానికి విస్తరించారు. జూలైలో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు. సంఘం పనిచేసిన ప్రతి మనిషీ అనుమానితుడే అయ్యాడు. గణపతి తుపాకీ కేసులో దొరికి 1949 మే 4న కౌలాలంపూర్ పుడు జైల్లో ఉరికంబం ఎక్కాడు. సంబశివం అనే ఇంకొకాయనకి జోహోర్‌లో ఉరిశిక్ష పడింది. 1950లో లండన్‌లో వలస దేశాల కేసులకి ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ ఆ శిక్ష కొట్టేయడంతో బతికిపోయాడు.

వీటికన్నా ఎక్కువమందిని తాకినవి విచారణే అక్కర్లేని రూల్స్. ఎమర్జెన్సీ రెగ్యులేషన్ 17(1) కింద ఎవరినైనా నిర్బంధించొచ్చు. ఒక సలహా కమిటీకి మొరపెట్టుకోవచ్చు గానీ అది కోర్టు కాదు. 1948 చివర్లో 17సి అనే రూలు వచ్చింది. నిర్బంధంలో ఉన్న మనిషి ఫెడరేషన్ పౌరుడూ, మలయాలో పుట్టిన బ్రిటిష్ ప్రజా కాకపోతే అతన్ని దేశం నుంచి పంపేయొచ్చు. అతని మీద ఆధారపడ్డవాళ్ళని కూడా పంపొచ్చు. 1949 జనవరిలో 17డి వచ్చింది. దాని కింద ఒక ప్రాంతంలో ఉన్న జనాన్ని మొత్తంగా పట్టుకుపోవచ్చు. దేశం నుంచి పంపేసినవాళ్ళలో చాలామంది చైనీయులు. గెరిల్లాల్లోనూ వాళ్ళే ఎక్కువ. అయితే తోటల్లో సంఘాలు నడిపిన తమిళ, తెలుగు, మలయాళీ కూలీల మీద కూడా ఇవే రూల్స్ పడ్డాయి.

గుర్తింపు కార్డులు 1948 చివర మొదలయ్యాయి. పన్నెండేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఫోటో, వేలిముద్రతో కార్డు. గెరిల్లాలు వీటిని చింపేసేవాళ్ళు, రిజిస్ట్రేషన్‌కి వచ్చిన ఫోటోగ్రాఫర్లని కూడా కాల్చారు. 1950 జూన్ నుంచి జనరల్ బ్రిగ్స్ పథకం అమలైంది. అడవి అంచున చెదురుగా ఉన్న సుమారు 5 లక్షల మందిని కంచె వేసిన కొత్త గ్రామాల్లోకి తరలించారు. తోటల్లో చెల్లాచెదురుగా ఉన్న లైను ఇళ్ళని కూడా ఒకచోటికి చేర్చి ముళ్ళకంచె కట్టారు. 1951 మధ్య నుంచి తిండి మీద ఆంక్షలు బిగిశాయి. బియ్యం రేషను, కంచె దాటి అన్నం మూట తీసుకెళ్ళకూడదు, కొట్లో డబ్బా కొంటే అక్కడికక్కడే కన్నం పెట్టి ఇస్తారు. 1950ల మధ్య నుంచి కొన్ని ప్రాంతాల్లో ఇంటింటికీ బియ్యం ఇవ్వడమే మానేసి, ఒకేచోట వండి అన్నం పంచేవాళ్ళు.

ఈ వరస ముందు ముందు పనికొస్తుంది.

మొదటి ప్రయత్నాలు

పేరుతో వెతకడం దగ్గర ఎవరైనా మొదలుపెడతారు. ఇక్కడ అది ఎక్కడికీ తీసుకుపోలేదు. ఆయన పేరు చెప్పను గానీ, అప్పలస్వామి లాంటి పేరుని తోట గుమాస్తా తమిళ ఉచ్చారణలో విని, ఇంగ్లీషులో తనకి తోచినట్టు రాస్తే అది పది రకాలుగా కనిపిస్తుంది. ఇంటిపేరు రాసే అలవాటు అక్కడ లేదు. ఫలానావాడి కొడుకు అని తండ్రి పేరు ఒక్కటే ఉంటుంది. పోలీసు కాగితాల్లో చాలాచోట్ల తెలుగువాడా తమిళుడా అన్నది కూడా ఉండదు, ఇండియన్ అనే రాస్తారు.

జిల్లా పేరుతో వెతికినా ఫలితం లేదు. కుటుంబం చెప్పింది శ్రీకాకుళం జిల్లా. ఆ జిల్లా 1950 ఆగస్టు 15న గానీ ఏర్పడలేదు. ఎమర్జెన్సీ మొదటి ఏళ్ళ కాగితాల్లో అది విశాఖపట్నం జిల్లా, తాలూకా పేరు చికాకోల్. జిల్లా విజగపటం, తాలూకా చికాకోల్ అని మార్చి చూశాక కొన్ని పేర్లు బయటికొచ్చాయి. మన మనిషి వాటిలో లేడు.

తర్వాత పాత పత్రికలు. సింగపూర్ జాతీయ గ్రంథాలయం ఆనాటి ఇంగ్లీషు పత్రికలని ఆన్‌లైన్‌లో పెట్టింది. తోట పేరుతో వెతికితే చెట్లు నరికేసిన వార్తలు, లారీ తగలబెట్టిన వార్త దొరికాయి. వాటితోపాటు 1951లో అదే తోటలో గెరిల్లాలు ఒక ఇండియన్ కంగాణీని లాక్కెళ్ళి చంపారన్న నాలుగు వాక్యాల వార్త కూడా ఉంది. పేరు రాయలేదు. కుటుంబానికి ఇది చాలనిపించింది. అమ్మమ్మ మాటకి అచ్చు గుద్దినట్టు సరిపోతోంది. టీచరుగారు ఫోన్లో ఏడ్చేశారు.

అక్కడ ఆగమని నేనే అన్నాను. ఆవిడకి బాధగా అనిపించినా కారణాలు చెప్పాను. కంగాణీ అంటే కూలీల మీద పెత్తనం చేసేవాడు, దొరకి దగ్గరి మనిషి. గెరిల్లాలు కంగాణీలని చంపింది అందుకే. తాతగారు కంగాణీ కాదు, పాలు తీసే కూలీ. పత్రికలో ఉన్న వయసు కూడా చాలా పెద్దది. అన్నిటికీ మించి, ఆఖరి కొడుకు పుట్టిన సర్టిఫికెట్ 1949 నాటిది. ఆ కొడుకు తండ్రిని ఎప్పుడూ చూడలేదంటున్నారు. మరి 1951 దాకా ఈయన తోటలోనే ఉంటే అదెలా? వార్త నిజమే, అందులో ఉన్నది వేరే మనిషి. కుటుంబం ఎదురుచూస్తున్న జవాబుకి దగ్గరగా ఉన్న కాగితం దొరికినప్పుడు టెన్షన్ తగ్గిపోతుంది. ఇంకా గట్టిగా పరీక్షించాల్సింది అప్పుడే.

ఈలోగా శ్రీకాకుళం పక్క పల్లెలో కూడా అడిగించాను. మలయాలో కమ్యూనిస్టు కేసులో ఇరుక్కున్న మనిషి గురించి ఎవరైనా విన్నారా అని. ఎవరూ వినలేదు.

అడిగే ప్రశ్న మార్చాక

తారీకు తెలియనిదే ముందుకి పోలేం. తారీకు చెప్పగలిగిన మనిషి ఒక్కరే మిగిలారు, పెద్దమ్మగారు. ఆవిడకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. నేరుగా ఏ సంవత్సరం అని అడిగితే ఆవిడ ప్రతిసారీ ఒక్కో సంవత్సరం చెప్పేవారు. పైగా నాన్న పోయాక కంచెలో ఉండేవాళ్ళమనీ, పెద్ద డేగిసాల్లో వండిన అన్నం లైన్లో నిలబడి తెచ్చుకునేవాళ్ళమనీ, నాన్న పోవడాన్ని వాటిని కలిపేసి చెప్పేవారు. ఆ డేగిసాల అన్నం 1950ల మధ్యలో మొదలైంది. ఆ లెక్కన తండ్రి పోయింది 1955 అవ్వాలి, అది కుదరదు. పెద్దావిడ జ్ఞాపకంలో రెండు కాలాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అందుకని పేరాక్ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు సంవత్సరం మాట ఎత్తలేదు. రూల్స్ వరసని మనసులో పెట్టుకుని రోజువారీ సంగతులు అడిగాను. నాన్నగారు పనికి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళేవారు? సత్తు క్యారేజీలో చద్దన్నం, ఉల్లిపాయ. అయితే తిండి ఆంక్షలకి ముందే, అంటే 1951 మధ్యకి ముందే. ఇల్లు ఎక్కడుండేది? కొండ కింద, వాగు పక్కన, తర్వాత ఆ ఇళ్ళు పీకేసి రోడ్డు పక్కకి మార్చారు. అయితే లైన్ల తరలింపుకి ముందే. కంచె ఉందా? లేదు, కంచె కొత్త ఇళ్ళకే.

ఇక కార్డు. "ఫోటో తీయించుకోడానికి అమ్మ ఒక్కతే వెళ్ళింది, బాబూ. తమ్ముడు కడుపులో ఉన్నాడు. నడవలేక మధ్యలో కూర్చుంది. నేను గొడుగు పట్టాను." నాన్న ఎందుకు వెళ్ళలేదని అడిగితే, "నాన్న అప్పటికే లేడు కదా" అన్నారు. ఇది నాకు పెద్ద ఆధారం. కార్డుల పని 1948 చివర మొదలై 1949 తొలి నెలల్లో చాలావరకు పూర్తయింది. కొడుకు పుట్టిన తారీకు సర్టిఫికెట్‌లో ఉంది. అంటే తాతగారు మాయమైంది 1948 జూన్ తర్వాత, 1949 తొలి నెలల లోపు. పన్నెండేళ్ళు కాస్తా కొన్ని నెలలకి కుదించుకుపోయాయి.

ఆఖరున, అడివోళ్ళు వచ్చిన రాత్రి గురించి అడిగాను. ఆవిడ ఎన్నోసార్లు చెప్పిన కథే, ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథే. తెల్లవారుజామున కుక్కలు అరిచాయి, నాన్న చొక్కా కూడా తొడుక్కోలేదు, లారీ ఎక్కించారు, లారీ వెనక దీపం ఎర్రగా మలుపు దాకా కనిపించింది. టీచరుగారు పక్కనే ఉన్నారు. "పెద్దమ్మా, అడవివాళ్ళకి లారీ ఎక్కడిది?" అన్నారు. పెద్దావిడ చాలాసేపు ఏమీ అనలేదు.

లారీ ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పేయలేం. గెరిల్లాలు కూడా అప్పుడప్పుడు లారీలు లాక్కున్నారు. యూనిఫాం కూడా గుర్తు కాదు, వాళ్ళకీ ఖాకీ బట్టలు ఉండేవి. అయితే 1948 ద్వితీయార్ధంలో, తోట లోపలికి, దీపాలు వేసుకుని, రోడ్డు మీదుగా వచ్చి వెళ్ళిన లారీ అంటే పోలీసులదో సైన్యానిదో అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఆ దశలో నేను వేసుకున్న లెక్క ఇది. ఆయన మీద కేసు పెట్టి కోర్టుకి తెచ్చి ఉంటే పత్రికల్లో వార్త ఉండాలి. ఎమర్జెన్సీ కేసులని ఆ రోజుల్లో వదలకుండా రాసేవాళ్ళు. ఏ వార్తా లేదు. కాల్చి చంపి ఉంటే, గెరిల్లాని చంపామని చెప్పుకోవడం ప్రభుత్వానికి అలవాటు. 1948 డిసెంబరులో సెలంగోర్‌లోని బతాంగ్ కాలిలో 24 మంది తోట కూలీలని కాల్చి చంపినప్పుడు కూడా పారిపోతుంటే కాల్చామని ప్రకటించారు. ఆ ప్రకటన అబద్ధం గానీ, ప్రకటనంటూ ఒకటుంది. ఇక్కడ అదీ లేదు. పేపర్లో రాకుండా మనిషిని తీసుకుపోయే దారి ఒక్కటే మిగిలింది, 17(1). ఆయన పుట్టింది ఇండియాలో కాబట్టి 17సి కింద పంపేసే వీలూ ఉంది.

ఎందుకు పట్టుకున్నారన్నదానికి కూడా పెద్దమ్మగారి మాటల్లోనే జవాబు దొరికింది. నాన్న ఉత్తరాలే కాదు, చందా పుస్తకం కూడా రాసేవాడట. జీతాల రోజు సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే అందరూ వచ్చి డబ్బులిచ్చి పేరు రాయించుకునేవాళ్ళు. మేలో అది సంఘం చందా. జూలై నాటికి, పోలీసుల కంట్లో, కూలీల దగ్గర డబ్బు వసూలు చేసి అడవికి పంపేవాడి పని. చేసిన మనిషీ అదే, పుస్తకమూ అదే.

దొరికిన కాగితం

విచారణ లేకుండా పట్టుకున్న భారతీయుల గురించి మలయా ప్రభుత్వంతో మాట్లాడే బాధ్యత అప్పటి భారత ప్రతినిధి కార్యాలయానిది. ప్రతినిధి జాన్ థివీ. గణపతి ఉరి ఆపించడానికి ప్రయత్నించింది కూడా ఈ కార్యాలయమే. అందుకని బ్రిటిష్ రికార్డులు పక్కన పెట్టి ఢిల్లీ వైపు తిరిగాను. కాల్చిన మనిషి గురించో ఉరితీసిన మనిషి గురించో అయితే లండన్ ఫైళ్ళు చూడాలి. పంపేసిన మనిషి గురించైతే, అతన్ని దింపుకున్న దేశం ఫైళ్ళలో ఉండే అవకాశం ఎక్కువ.

అక్కడి ఉత్తరప్రత్యుత్తరాల్లో ఒక టైపు జాబితా దొరికింది. పేరు మూడు అక్షరాలు తప్ప గుర్తుపట్టలేనట్టుంది. తండ్రి పేరు సరిపోయింది. ఊరు, తాలూకా చికాకోల్, జిల్లా విజగపటం, అన్నీ సరిపోయాయి. తోట పేరూ అదే. పట్టుకున్న నెల పెద్దమ్మగారి జ్ఞాపకాల నుంచి మేం గీసుకున్న హద్దుల్లోనే ఉంది. 1949లో మద్రాసు ఓడ ఎక్కించారు.

చివరి గడి ఆధారపడ్డవాళ్ళ గురించి. భార్య, పిల్లలు ఉన్నవాళ్ళకి ఆ గడిలో సంఖ్యలున్నాయి. ఈయన గడి ఖాళీగా ఉంది.

ఈ ఖాళీ గడిని రెండు రకాలుగా చదవొచ్చు. మావయ్యగారు చదివినట్టు చదివితే, భార్యాబిడ్డలు ఉన్నారని కూడా చెప్పుకోలేదు, వదిలించుకుపోయాడు. ఇంకో రకంగా చదివితే, చెబితే వాళ్ళని కూడా ఓడ ఎక్కిస్తారు. నిండు గర్భిణి, ఇద్దరు ఆడపిల్లలు, మలయా తప్ప వేరే ఊరు తెలియని భార్య. వాళ్ళని డెక్కు మీద వారం రోజులు తిప్పి, తనకే గూడు లేని పల్లెకి తీసుకుపోవడం కన్నా లేరనడమే మేలనుకుని ఉండొచ్చు. గుమాస్తా అడగకుండానే ఖాళీ వదిలేసి ఉండొచ్చని కూడా కుటుంబానికి చెప్పాను. నా మటుకు రెండోదే నమ్ముతున్నాను. దానికి ఒక కారణం పల్లెలో దొరికింది.

పల్లెలో

ఈసారి కమ్యూనిస్టు మాట లేకుండా అడిగించాం. స్వాతంత్య్రం వచ్చిన రెండేళ్ళకి ఓడ దిగి, చేతిలో పైసా లేకుండా వచ్చిన మనిషి ఎవరైనా ఉన్నారా? వెంటనే చెప్పారు. మొదటిసారి ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. 1949లో మద్రాసు రాష్ట్రంలోనూ కమ్యూనిస్టులని విచారణ లేకుండా జైళ్ళలో పెడుతున్నారు. ఇటు తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది, సైన్యం ఊళ్ళ మీద ఉంది. అలాంటప్పుడు ఆ కారణంతో దేశం దాటించిన మనిషి ఆ సంగతి ఊళ్ళో చెప్పుకుంటాడా? తోటలో పని పోయింది, వచ్చేశానన్నాడు. ఊరు అదే నమ్మింది.

ఆయన చాలా ఏళ్ళు ఒంటరిగా ఉన్నాడు. రెండో పెళ్ళి 1950ల చివర్లో జరిగింది. ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పోయాడు. ఇంటి స్థలం దస్తావేజులో ఇంటిపేరు, తండ్రి పేరు ఉన్నాయి, జాబితాతో సరిపోయాయి. ఆ ఇంట్లోవాళ్ళకి మలయా కుటుంబం గురించి తెలీదు. అయితే ఒక సంగతి చెప్పారు. పెళ్ళికి ముందు ఆయన ఎవరికో ఉత్తరాలు రాసేవాడట, జవాబు వచ్చేది కాదట. వదిలించుకుపోయినవాడు ఉత్తరాలు రాయడు. నేను రెండో అర్థం వైపు మొగ్గింది అందుకే.

ఉత్తరాలు చేరాయా? లైన్లు మార్చేశారు, పాత చిరునామా లేదు. బయటినుంచి వచ్చిన ఉత్తరం తోట ఆఫీసు మీదుగా రావాలి. చేరినా, దాన్ని దాచుకోవడం అమ్మమ్మకి ప్రమాదమే.

అమ్మమ్మ ఎందుకలా చెప్పింది

కుటుంబం అన్నిటికన్నా ఎక్కువగా అడిగింది ఇదే. నా సమాధానం పూర్తిగా అప్పటి భద్రతా పరిస్థితుల మీద ఆధారపడింది. 1949లో ఆవిడ నిర్బంధితుడి భార్య. భర్తతో పాటు ఆవిడని కూడా పంపే రూలు అమల్లో ఉంది. లైను ఇల్లు తోట యాజమాన్యానిది, పని పోతే ఇల్లు పోతుంది. తర్వాత కంచె వచ్చింది, గేటు దగ్గర స్పెషల్ కానిస్టేబుళ్ళు, ఆడవాళ్ళని సోదా చేసే ఆడవాళ్ళు, ఎవరు ఎవరికి సమాచారం ఇస్తున్నారో తెలియని వాతావరణం. అందులో కమ్యూనిస్టని పట్టుకుపోయినవాడి కుటుంబం అంటే ప్రతిరోజూ సోదాలో ముందు నిలబడాల్సిన కుటుంబం. కమ్యూనిస్టులు పట్టుకుపోయినవాడి కుటుంబమైతే జాలి పడాల్సిన కుటుంబం. ఆవిడ రెండోది ఎంచుకుంది. లారీని కథలోంచి తీసేయలేదు, పిల్ల కళ్ళారా చూసింది కాబట్టి. లారీలో వచ్చినవాళ్ళ పేరు మార్చింది, అంతే. 1952లో పౌరసత్వం రూల్స్ సడలించారు, 1957లో స్వాతంత్య్రం వచ్చింది. అప్పటికి ఆ కథ ఇంట్లో గట్టిపడిపోయింది.

ఆవిడ చదువురాని మనిషి. ముగ్గురు పిల్లలని ఆ పన్నెండేళ్ళూ దాటించింది. ఈ కేసులో నాకు అందరికన్నా ఎక్కువ గౌరవం ఆవిడ మీదే.

ఇలాంటి కేసు పట్టేవాళ్ళకి

మనిషి పేరు కన్నా ముందు తోటకి ఒక కాలక్రమం రాసుకోండి. కార్డులు ఎప్పుడిచ్చారు, లైన్లు ఎప్పుడు మార్చారు, కంచె ఎప్పుడు, రేషను ఎప్పుడు, వండిన అన్నం ఎప్పుడు. ప్రతి జిల్లాలో ఇవి ఒకేసారి జరగలేదు. 1953 సెప్టెంబరులో మలక్కాలో కొంత భాగాన్ని ఆంక్షలు లేని తెల్ల ప్రాంతంగా ప్రకటించారు. పేరాక్ దక్షిణాన తెలుక్ అన్సన్ చిత్తడి అడవుల్లో 1958లో కూడా సైన్యం గెరిల్లాల కోసం గాలిస్తూనే ఉంది. ఒక తోటకి సరిపోయిన తారీకు పక్క రాష్ట్రంలో సరిపోదు.

పెద్దవాళ్ళని తిండి గురించి, ఇంటి గురించి, నడిచిన దారి గురించి అడగండి. ఎమర్జెన్సీ రూల్స్ అన్నీ ఆ మూడింటినే తాకాయి కాబట్టి జవాబులోనే తారీకు ఉంటుంది. పుట్టిన చోటు తప్పకుండా తేల్చుకోండి. అదే నేరం, అదే తోట, అదే రాత్రి అయినా, ఇండియాలో పుట్టినవాణ్ణి ఓడ ఎక్కించారు, అక్కడే పుట్టినవాణ్ణి శిబిరంలో ఉంచారు. ఏ దేశం రికార్డుల్లో వెతకాలన్నది దీన్ని బట్టే తేలుతుంది.

ఆయన కమ్యూనిస్టా కాదా అని మావయ్యగారు నన్ను పదేపదే అడిగారు. జాబితాలో ఆరోపణ లేదు, 17(1)కి ఆరోపణ రుజువు చేయాల్సిన అవసరమూ లేదు. చందా పుస్తకం రాశాడన్నంతవరకే మనకి తెలుసు. ఆ కాగితం ఆధారంగా అవునని గానీ కాదని గానీ రాసివ్వడానికి నేను ఒప్పుకోలేదు.

రెండు కుటుంబాలకి సంగతి చెప్పడంలో వరస ముఖ్యం. ముందు పెద్దమ్మగారికి, ఆవిడ ఒప్పుకున్నాక మావయ్యగారికి, వాళ్ళిద్దరూ సరేనన్నాకే శ్రీకాకుళంలో ఇంటివాళ్ళకి చెప్పాను. ఆ ఇంటివాళ్ళు మొదట ఆస్తి గొడవ అనుకున్నారు. మలేషియావాళ్ళు ఏదీ అడగబోమని రాసిచ్చాక మాట్లాడడానికి ఒప్పుకున్నారు. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోవచ్చని చెప్పాను, ఇంకా నిర్ణయించుకోలేదు. పోయిన తిథి మాత్రం వాళ్ళ దగ్గర నుంచి తెలిసింది. ఈ ఏడాది నుంచి ఆ తిథికే పెడతామని పెద్దమ్మగారూ మావయ్యగారూ ఇద్దరూ చెప్పారు.